కప్పచేప చారు

పాన్ దూరో రేవు,
మే 9, 1981.

కోడలు పిల్లా,

క్షేమంగా చేరానని రెండు ముక్కలు రాసి పడేశావు. బస్సెక్కేటప్పుడు నా మెడ పట్టుకుని అంత ఏడుపు ఏడ్చినదానివి, ఇంకో నాలుగు ముక్కలు రాస్తే నీ సొమ్మేం పోయింది? సరేలే, నీ పొట్ట నీకు బరువు. దానికితోడు ఆ పూటకూళ్ళ ఇంట్లో గనివాళ్ళందరికీ వండి వార్చాలి. పెద్ద గిన్నెలు నువ్వెత్తకు. మీ పిన్ని ఓర్ఫెలినాకి చెప్పు, ఎదెల్మీరా అన్నదని చెప్పు.

ఇక్కడ విశేషాలేమీ లేవు. అంటే నొల్బెర్తో ఇంకా రాలేదు. రోజూ పొద్దున్నే ఒడ్డు వెంట ఆ నల్లరాళ్ళ దాకా నడిచి వస్తున్నాను. ఫిబ్రవరిలో కెరటం నా కొడుకుని ఆ రాళ్ళ మీంచి లాక్కుపోయిన రోజు సముద్రం ఎలా ఉందో, ఇప్పుడూ అలాగే ఉంది, సిగ్గూ శరమూ లేకుండా.

దాని కూడు మాత్రం నేను ముట్టడం లేదు. మన రేవు పద్ధతి నీకు తెలిసిందే. సముద్రం పట్టుకుపోయిన మనిషి తిరిగి రాకపోతే ఆ ఇంట్లో పొయ్యి మీదికి చేప ఎక్కకూడదు. శవమన్నా రావాలి, లేదంటే పెట్టెలో వాడి బట్టలు పెట్టి పాతిపెట్టి ఏడుపు ముగించాలి. అప్పటిదాకా ఆ నీళ్ళలోది ఏదీ నోట పెట్టకూడదు. ఎవర్ని తింటున్నామో ఎవరు చూడొచ్చారు.

ఫిలిదోర్ ముసలాడు నా మీద జాలిపడి రోజూ ఒక మంచి చేప గుమ్మంలో పెట్టి పోతాడు. నేను దాన్ని పిల్లికి పడేస్తాను. నిన్న నిలదీశాడు. "ఏమే ఎదెల్మీరా, ఈ పిల్లి నాకేమన్నా మేనత్తా, రోజూ దీనికి విందు పెట్టడానికి?" అన్నాడు. "పెట్టమని నిన్నెవరు బతిమాలారు?" అన్నాను. అప్పుడు గొంతు తగ్గించి, "ఆ బట్టలు పాతిపెట్టెయ్యమ్మా, రొట్టె, టీ నీళ్ళతో ఎన్నాళ్ళుంటావు?" అన్నాడు. తలుపు వేసేశాను.

బట్టలు పాతిపెట్టను. నీలం కోటు ఇస్త్రీ చేసి మేకుకి తగిలించి ఉంచాను. తడిసి వస్తాడు కదా, మార్చుకోవడానికి పొడిబట్టలు ఉండొద్దూ?

నువ్వు జాగ్రత్త.

నీ అత్త,
ఎదెల్మీరా

*

కోపియాపో,
జూన్ 14.

అత్తయ్యకి,

తిడతారని తెలుసు. పొద్దున చీకటితో లేచి రొట్టెల పిండి పిసికితే మళ్ళీ వాలేసరికి రాత్రవుతోంది. కాళ్ళు వాచాయి. గిన్నెలు ఎత్తడం లేదులెండి. పిన్ని ఎత్తనివ్వడం లేదు, మీ పేరు చెబితే ఇంకా భయపడుతోంది.

ఈ ఊళ్ళో అందరూ మంచివాళ్ళే. గనివాళ్ళు పళ్ళేల ముందు కూర్చుని "చిక్కుడు గింజలేనా మళ్ళీ?" అని రోజూ ఒకే జోకు వేస్తారు. బట్టలుతికే దొమితీలా అని ఒకావిడ ఉంది, ఆవిడా సముద్రం పక్కదేనట. నా పొట్ట మీద చెయ్యి పెట్టి "ఆడపిల్ల" అంది. ఇక్కడి నీళ్ళకి సముద్రం వాసన ఉండదు. అది తెలియడానికి నాకు నెల పట్టింది. ఇక్కడ పుట్టి పెరిగినదాన్నే కదా, మీ ఊళ్ళో రెండేళ్ళకే ఇలా అయిపోయాను.

అత్తయ్యా, ఒక మాట ఎవరికీ చెప్పలేదు, మీకు చెబుతున్నాను. నొల్బెర్తోకి ఈ బిడ్డ సంగతి తెలియదు. అప్పటికి నాకు రెండో నెల. తన పుట్టినరోజు దగ్గర్లోనే ఉంది కదా, ఆ రోజు చెబుదామని దాచుకున్నాను. చెబితే ఎలా మొహం పెడతాడో ఊహించుకుని నాలో నేనే నవ్వుకునేదాన్ని. ఏం ముచ్చటపడ్డానో చూడండి. ఆ ముచ్చట కోసం తండ్రికి బిడ్డ సంగతి తెలియకుండా చేశాను. రాత్రి పడుకుంటే ఇదే గుచ్చుకుంటుంది. తను లోకో గుల్లల కోసం ఆ రాళ్ళ మీదికి వెళ్ళాడన్నారు మీరు. నేను ముందే చెప్పి ఉంటే, తండ్రి కాబోతున్నాడని తెలిసి ఉంటే, అంత అలల్లో గుల్లల కోసం వెళ్ళేవాడా?

రాతి మీద దొరికిన తన వల సంచి ఏం చేశారు? అది నాకు ఉంచండి, ఉట్టిదైనా సరే.

ఇంకోటి. మీకు కోపం రావచ్చు. బట్టల పెట్టె పాతిపెట్టే సంగతి ఆలోచించండి. నాకోసం కాదు. మీరు తినడం కోసం.

మీ
యస్నా

*

పాన్ దూరో,
జులై 20.

యస్నా,

ఆలోచించాను. పెట్టను.

నీకు ఫిలిదోర్ ఉత్తరం రాశాడా ఏంటి, ఇద్దరూ ఒకే పాట పాడుతున్నారు? మొన్న ఆదివారం పాదిరీ వస్తే ఆయన చేత కూడా చెప్పించాడు. పాదిరీకి టీ ఇచ్చి కూర్చోబెట్టి అంతా విన్నాను. వెళ్ళేటప్పుడు "అయితే ఎప్పుడు పెట్టుకుందాం?" అన్నాడు. "నా కొడుకు వచ్చి ఎప్పుడంటే అప్పుడు" అన్నాను. పాపం, మంచివాడు, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు.

నువ్వు ఆ గుచ్చుకోవడాలు మానుకో. చెప్పినా చెప్పకపోయినా వాడు వెళ్ళేవాడే. వాడి తండ్రీ అంతే, సముద్రం కేకేస్తే అన్నం ముందు నుంచి లేచిపోయే రకం. నీ తప్పు ఇందులో ఆవగింజంత లేదు. ఇంకోసారి ఈ మాట రాస్తే ఆ ఉత్తరం పొయ్యిలో పెడతాను.

సంచి లేదు. గుల్లలు పాడైపోయి వాసన వస్తే సంచితో సహా పారేశాం. దాన్ని గురించి మళ్ళీ అడగకు.

ఏటా జులైలో వచ్చే చలే, ఈసారి బాగా ఉంది. నెలరోజులుగా పొద్దెక్కినా మంచు విడవట్లేదు. రొట్టె తిన్నా అరగడం లేదు, అది వయసు. గౌను నడుము దగ్గర రెండుసార్లు కుట్టు వేసుకున్నాను. పొరుగామె చూసి "పెళ్ళికూతురి నడుము వచ్చింది ఎదెల్మీరాకి" అని ఎకసెక్కం చేసింది. చేసుకోనీ.

పసిదానికి ఊలు టోపీ అల్లుతున్నాను. మగపిల్లాడైనా ఆడపిల్లైనా పెట్టుకోవచ్చు, పసుపు రంగు.

ఎదెల్మీరా

*

కోపియాపో,
సెప్టెంబరు 28.

అత్తయ్యా,

ఆడపిల్ల. దొమితీలా చెయ్యి అబద్ధం ఆడలేదు. పధ్నాలుగో తారీఖున పుట్టింది. జుట్టు నిండుగా ఉంది. చెవులు అచ్చం మీ అబ్బాయివి, బయటికి నిక్కపొడుచుకుని. మీ పసుపు టోపీ ఆ చెవుల మీద నిలవడం లేదు.

ఇప్పుడు రాయబోయేది మీకు భయం కలిగిస్తుందేమోనని రెండు రోజులు ఆగాను. ఇక ఆగలేను. నాకు పాలు పడటం లేదు. బిడ్డ నోరు పెట్టి లాగి లాగి అలిసి ఏడుస్తుంది. క్లినిక్‌లో పాలపొడి ఇచ్చారు, అది పడటం లేదు, తాగింది తాగినట్టు కక్కేస్తోంది, విరేచనాలు. పుట్టినప్పటికంటే తగ్గింది. నర్సు తూచి పిన్ని వైపు చూసింది. నేను ఆ చూపు చూశాను.

దొమితీలా ఒక మాట అంది. మీ రేవుల్లో బాలింతలకి పెహెసాపో చారు పడతారట కదా? రాళ్ళకి పొట్టతో అతుక్కుని ఉంటుంది చూడండి, ఆ కప్పచేప. మీ ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఆ వికారపు మొహాన్ని బల్ల మీద ఎవరి ఇంట్లోనూ చూడలేదు నేను. కొనేవాడు లేడు, అమ్మేవాడు లేడు. పిల్లలు కర్రతో పొడిచి ఆడుకోవడమే చూశాను. నేను దొమితీలాని అడిగాను, అదెవరన్నా తింటారా అని. "మామూలుగా తినరు. కడుపుతో ఉన్నవాళ్ళకి, బాలింతలకి మాత్రం తెచ్చి వండుతారు. పాలు పొంగుతాయి" అంది. పిన్నేమో కొట్టిపారేస్తోంది, ముసలమ్మల మాటలంటోంది.

మీరు చెప్పండి, అత్తయ్యా. నిజంగా అది వండుకుని తినదగ్గ చేపేనా? దానికి ఆ గుణం ఉందా, ఒట్టి మాటలా? ఉంటే ఎవరి చేతనన్నా పట్టించి ఎండబెట్టి అయినా పంపండి. మీరు ఆ నీళ్ళలోది ముట్టరని తెలుసు. మీరు తినక్కర్లేదు, పంపితే చాలు.

పిల్లకి పేరింకా పెట్టలేదు.

యస్నా

*

పాన్ దూరో,
అక్టోబరు 3.

యస్నా,

ఆ చేప జోలికి పోకు. అది చేపా? తల తప్ప ఒళ్ళే లేదు. పైన చీమిడి, లోపల ఎముక. దాన్ని ఉడికించే కట్టెలకి కూడా ఆ చారు సాటిరాదు. ఎవరో బట్టలుతికే ఆవిడ చెప్పిందని రేవుని నాకు నేర్పుతావా?

ముసలి కోడిని కోసి చారు పెట్టుకో. వేయించిన గోధుమ పిండి వేడిపాలలో కలుపుకుని పొద్దునా సాయంత్రం తాగు. బిడ్డని విసుక్కోకుండా రొమ్ముకి పెడుతూనే ఉండు.

ఈ ఇంటి నుంచి ఆ చేప బయటికి రాదు. మళ్ళీ అడగొద్దు.

ఎదెల్మీరా

*

కోపియాపో,
అక్టోబరు 8.

ఎదెల్మీరా గారికి,

కోడి చారు తాగాను. గోధుమ పిండి తాగాను. దొమితీలా తెచ్చిన కషాయాలన్నీ తాగాను. పక్కవీధిలో ఒక బాలింత దయతలచి పూటకోసారి మన పిల్లకి పాలిస్తోంది. ఆమె బిడ్డకే చాలదు, ఆమె మొగుడు గొణుగుతున్నాడు. ఆ ఇంటి ముందు గిన్నె పట్టుకున్నట్టు బిడ్డని పట్టుకుని నిలబడతాను. ఇప్పుడు పిల్ల ఏడవడం కూడా తగ్గించింది. ఏడిస్తేనే బాగుండేది.

నేనడిగింది బంగారం కాదు. మీ గుమ్మానికి కూతవేటు దూరంలో రాతికి అతుక్కుని ఉండే, ఎవడికీ అక్కర్లేని చేప. దానికి గుణం లేకపోతే లేదని మామూలుగా రాయొచ్చు. నన్ను కసురుకోవడం దేనికి? నేనేం పాపం చేశాను?

మీకు మీ పద్ధతి ముఖ్యం. రాని మనిషి కోసం కోటు ఇస్త్రీ చేస్తారు, ఉన్న మనవరాలికి చేప పంపరు. కోపంతో రాస్తున్నాను, రాయనివ్వండి. తండ్రేమో తను ఉందనే తెలియకుండా పోయాడు. నాయనమ్మేమో తెలిసి కూడా మొహం తిప్పుకుంది. దీనికి ఏమని పేరు పెట్టాలి నేను? ఎవరి బిడ్డని చెప్పాలి?

యస్నా

*

పాన్ దూరో,
అక్టోబరు 13.

నా తల్లీ,

ఈ ఉత్తరం పెట్టెతో పాటే వస్తుంది. ముందు పెట్టె విప్పు, చేప పని చూడు. తర్వాత చదువు.

తడి నాచు మధ్యలో ఒక రాయి ఉంటుంది. దాని మీద రెండు కప్పచేపలున్నాయి. చచ్చాయనుకోకు, తడి ఆరకుండా ఉంటే నీళ్ళు లేకపోయినా ఒక రోజంతా బతికే మొండి ప్రాణాలు అవి. పట్టుకుని లాగావంటే ఇంకా గట్టిగా అతుక్కుంటాయి. బొటనవేలు పొట్ట అంచు కిందికి పోనిచ్చి కొంచెం గాలి తగలనీ, అదే వదిలేస్తుంది. తల మీద ఒక్క దెబ్బ వెయ్యి, బాధపెట్టకు. వేడినీళ్ళు పోసి ఉప్పుతో రుద్దితే చీమిడంతా పోతుంది. తల పారేయకు, సారమంతా అందులోనే. ఉల్లిపాయ, వెల్లుల్లి, రెండు బంగాళాదుంపలు వేసి మూతపెట్టి ఉడికించు, దించేముందు కొత్తిమీర. కారం వెయ్యకు. ఎముకలు చీకేసి ఆ చారు చుక్క మిగలకుండా తాగు. వేడివేడిగా.

వండావా? తాగావా? అయితే ఇప్పుడు చదువు.

నొల్బెర్తో ఆ రోజు వెళ్ళింది లోకో గుల్లల కోసం కాదు. అది నేనూ ఫిలిదోరూ కలిసి అల్లిన మాట. రేవులో ప్రతివాళ్ళకీ నిజం తెలుసు, ఒక్కళ్ళు కూడా నీ దగ్గర నోరు విప్పలేదు. ఇన్ని నోళ్ళు ఇన్నాళ్ళు కట్టుకుని ఉండటం ఈ ఊళ్ళో ఎన్నడూ జరగలేదు.

నువ్వు రాశావే, ఆ చేపని ఏ ఇంట్లోనూ బల్ల మీద చూడలేదని. నిజమే. మన రేవులో మగవాడు కప్పచేప పట్టేది ఒక్కప్పుడే, ఇంట్లో ఆడది కడుపుతో ఉన్నప్పుడు. చాటింపు వెయ్యడు, ఎవరికీ చెప్పడు. ఆ చేపల్ని తెచ్చి తలుపు మీద తగిలిస్తాడు. చూసినవాళ్ళందరికీ అర్థమవుతుంది. నీ మామ కూడా అలాగే తగిలించాడు నాకు. నువ్వు వచ్చాక రెండేళ్ళలో ఏ ఇంటి తలుపు మీదా నీ కంటబడలేదేమో. పై ఊరి పిల్లవి, చూసినా ఎండబెట్టారనుకుని ఉంటావు.

ఆ సాయంత్రం ఫిలిదోర్ రాతి మీద నుంచి వాడి సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. సంచి విప్పితే నిండా కప్పచేపలు, ప్రాణాలతో. వెనక నిలబడ్డ మగాళ్ళందరూ ఒకరి తర్వాత ఒకరు టోపీలు తీశారు. అప్పటిదాకా నీ సంగతి నాకూ తెలియదు, యస్నా. సంచి చూసి తెలుసుకున్నాను. కొడుకు పోయాడన్న కబురు, నానమ్మని కాబోతున్నానన్న కబురు ఒకే సంచిలో వచ్చాయి నాకు.

కాబట్టి వాడికి తెలుసు. తండ్రికి తెలియదని ఇక ఎప్పుడూ అనకు. ఎలా తెలిసిందంటే ఏం చెప్పను, నువ్వు చేప వాసనకి మొహం తిప్పుకుంటే చూసి ఉంటాడు. ఆ పొద్దున నా దగ్గరికి వచ్చి "అమ్మా, నీ పెద్ద గిన్నె సాయంత్రం కావాలి" అన్నాడు. ఎందుకురా అంటే నవ్వాడు. నువ్వు పుట్టినరోజున వాడి మొహం ఎలా ఉంటుందో చూద్దామనుకున్నావు. నువ్వు తలుపు తీసి తగిలించిన చేపల్ని చూసి, ఇదేం వికారం అని అడిగితే, నీ మొహం చూద్దామనుకున్నాడు వాడు. ఇద్దరూ ఇద్దరే.

నీకు ఎందుకు చెప్పలేదంటావా? నీ చారు కోసం వెళ్ళి పోయాడని తెలిస్తే, బిడ్డని చూసినప్పుడల్లా నీకు అదే గుర్తొస్తుందని. పోనీ, గుల్లలకని చెబితే సముద్రాన్ని తిట్టుకుంటుంది, మొగుణ్ణి తిట్టుకుంటుంది, తనని తాను తిట్టుకోదు అనుకున్నాను. చూడబోతే అలా కూడా నిన్నే తిట్టుకున్నావు. నా తెలివి మండిపోను. నీ జూన్ ఉత్తరం చదివినప్పుడే చెప్పాల్సింది. ఆ చేప పేరు నీ రాతలో చూడగానే నా ప్రాణం పోయింది, అందుకే కసిరాను.

నీ కోపం ఉత్తరం మొన్న పొద్దున వచ్చింది. సాయంత్రానికి ఫిలిదోర్ ఇంటి తలుపు కొట్టి, "పెట్టె చెయ్యి" అన్నాను. ఏం పెట్టె అని అడగలేదు. చారు పెట్టుకోవాలంటే ముందు ఏడుపు ముగియాలి కదా, పోయినవాడి ఇంటి నుంచి చేప బయటికి వెళ్ళాలంటే వాడు పోయాడని ఒప్పుకోవాలి కదా. నీ బిడ్డకి ఆ నీళ్ళలోది పెట్టాలంటే పద్ధతి ప్రకారం పెట్టాలి.

నిన్న పెట్టేశాం. బల్ల మీద నీలం కోటు, తెల్లచొక్కా, ప్యాంటు మనిషి పడుకున్నట్టు పరిచాను. బూట్లు కింద పెట్టాను. ఆడవాళ్ళు జపమాలలు తిప్పుతూ కూర్చున్నారు. ఫిలిదోర్ ఆ కోటు చూసి, "బతికుండగా ఒక్కనాడు ఇంత నీటుగా లేడు వెధవ" అని అందర్నీ నవ్వించి, తనే అందరికంటే పెద్దగా ఏడ్చాడు. చొక్కా కాలరు గుండీ పెట్టాల్సింది భార్య. నువ్వు లేవు. అది పెట్టకుండా వదిలేశాను. పెట్టె మూత నేనే వేశాను. చాలా తేలిగ్గా ఉంది యస్నా, ఆ పెట్టె. ఇద్దరు మోశారు, ఒక్కడు చాలు.

ఈ పొద్దున ఆటు వేళ నేనే రాళ్ళ మీదికి దిగాను. కుర్రాళ్ళు వస్తామన్నారు. ఆ రాళ్ళ మీదికి ఇంకో తల్లి కొడుకుని పంపనన్నాను. ఫిలిదోర్ నా నడుముకి తాడు కట్టి అవతలి కొస పట్టుకుని, నన్నూ నా వంశాన్నీ తిడుతూ కూర్చున్నాడు. "పడ్డావంటే లాగను చూసుకో" అంటాడు, తాడు మాత్రం చేతికి రెండు చుట్లు చుట్టుకున్నాడు.

సంచి ఏం చేశారని అడిగావు. పారేశానన్నది అబద్ధం. మర్నాటికి కూడా ఆ చేపలు బతికే ఉన్నాయి. బకెట్‌లో ఒకదాన్నొకటి అతుక్కుని ఉన్నాయి. నేను వాటిని తీసుకెళ్ళి అదే రాతి దగ్గర వదిలేశాను. ఆ రోజు ఇల్లు చేరినవి అవే. ఇప్పుడు నీకు పంపినవి వాటిలోవే కావచ్చు, నాకు తెలియదు. అయితే మంచిదే. వాడు నీకోసం పట్టినవి ఆలస్యంగానైనా నీకు చేరినట్టు.

సంచి నా దగ్గరుంది. నీకు ఉంచుతాను.

నీ అత్త

*

కోపియాపో,
అక్టోబరు 22.

అత్తయ్యా,

పెట్టె చేరింది. బస్సు డ్రైవరు దాన్ని దించుతూ, "ఏముందమ్మా ఇందులో, దారంతా ఎవరో చప్పరిస్తున్నట్టు చప్పుడు!" అన్నాడు. వంటింట్లో విప్పాను. నాచు తియ్యగానే మీ ఇంటి వాసన వచ్చింది. రెండూ ఆ రాతిని కరుచుకుని నన్నే చూస్తున్నాయి. గనివాళ్ళు పళ్ళేలు వదిలేసి చుట్టూ చేరారు. ఒకడు "ఇదా తినేది? అద్దంలో చూసుకుంటే దీనికే భయమేస్తుంది" అన్నాడు. దొమితీలా గరిటె తీసుకుని వాణ్ణి తరిమింది.

మీరు ముందు వండమన్నారు, తర్వాత చదవమన్నారు. నేను ముందే చదివాను. చదివి, ఆ రాయి ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుండిపోయాను. పిన్ని బిడ్డని ఎత్తుకుని నిలబడి ఏమైందే, ఏమైందే అంటుంటే ఉత్తరం చేతికిచ్చాను. ఫిబ్రవరి నుంచి ఇంత ఏడవలేదు నేను. అప్పుడేడ్చింది వేరు, ఇది వేరు.

మీరు భయపడిందే జరుగుతోంది, దాచను. తనకి తెలుసు అన్నమాట తలుచుకున్న ప్రతిసారీ నాకోసమే వెళ్ళాడు అన్నది కూడా దాని వెనకే వస్తోంది. రెండూ విడిపోవు. అయినా చెప్పినందుకు మీ చేతులు ముద్దుపెట్టుకుంటాను. తెలియకుండా ఉండటం కంటే ఇదే నయం. నా బిడ్డ కోసం వాళ్ళ నాన్న ఒక పని చేశాడు. పెద్దయ్యాక దానికి చెప్పుకోవడానికి ఒకటుంది.

బొటనవేలు పొట్ట కిందికి పోనిచ్చాను. నిజంగానే వదిలేసింది. మీరు చెప్పినట్టే వండాను, కారం లేకుండా. ఒక చేప ఆ రోజు, ఒకటి మర్నాడు. మూడోనాటికి పాలు పడ్డాయి. గౌను తడిసేంత. ఆ చేప గుణమో, ఏడ్చి ఏడ్చి గుండెలో గడ్డకట్టింది కరిగిందో, నర్సు అన్నట్టు ఆలస్యంగా పడాల్సి ఉండి పడ్డాయో, నాకు తెలియదు. దొమితీలా మాత్రం ఊరంతా చాటింది. పిల్ల తాగి తాగి ఊపిరి తీసుకోవడానికి ఆగి, మళ్ళీ తాగుతోంది. నిన్న తూచారు. నర్సు ఈసారి నా వైపే చూసి నవ్వింది.

కాలరు గుండీ వదిలేసి మంచిపని చేశారు. మెడ దగ్గర బిగుతుగా ఉంటే తనకి చిరాకు. పెళ్ళినాడు కూడా పాదిరీ మంత్రాలు అవ్వకుండానే విప్పేసుకున్నాడు.

పేరు పెట్టాను. నొల్బెర్తా. ఆడపిల్లకి ఇదేం మొద్దు పేరని ఇక్కడందరూ నవ్వుతున్నారు. ఆ చెవులకి ఆ పేరే సరిపోతుంది.

ఒకటే అడుగుతాను. బట్టలు పెట్టేశారు కదా. ఇప్పుడు మీరు తింటున్నారా?

మీ
యస్నా

*

పాన్ దూరో,
నవంబరు 2.

నా తల్లీ,

నిన్న పోయినవాళ్ళ పండగ. కొత్త శిలువకి నీలం రంగు వేశాం. కాగితం పువ్వులు కట్టాను. ఖాళీ పెట్టె అయితేనేం, కూర్చుని మాట్లాడటానికి ఒక చోటు దొరికింది. పిల్లకి పాలు పడ్డాయని చెప్పాను, పేరు చెప్పాను. ఇన్నాళ్ళూ ఒడ్డు మీద నిలబడి ఎటువైపు చూసి మాట్లాడాలో తెలిసేది కాదు నాకు.

తింటున్నావా అని అడిగావు. మొదట తినలేదు. పద్ధతి ముగిసినా నోరు ఒప్పుకోలేదు. ఫిలిదోర్ పెట్టిన చేపలు పిల్లికే వేస్తూ వచ్చాను. నిన్న శ్మశానం నుంచి వచ్చేసరికి తలుపు మీద రెండు కప్పచేపలు తగిలించి ఉన్నాయి. ఆ ముసలాడి పనే. ఊరు ఊరంతా చూసి పోయింది. "ఎదెల్మీరాకి ఈ వయసులో ఇదేం చోద్యం!" అని పొరుగామె పడీపడీ నవ్వింది. ఫిలిదోర్ గోడవారన నిలబడి, "నానమ్మ కూడా బాలింతలాంటిదే, బక్కచిక్కిపోయావు, వండుకో" అన్నాడు. తిడదామని నోరు తెరిచి, చేపల్ని తలుపు మీంచి దించాను.

నొల్బెర్తో అడిగిన పెద్ద గిన్నె తీశాను. అది అటక మీదే ఉండిపోయింది. కడిగి పొయ్యి మీద పెట్టాను.

నువ్వడిగావు చూడు, అది వండుకుని తినదగ్గ చేపేనా అని. కట్టెలకి సాటిరాదని రాశాను నీకు. అది కూడా అబద్ధమే. మాంసం తెల్లగా, బిగువుగా ఉంది. తల దగ్గరి ముక్క తియ్యగా ఉంది. నీ మామ తెచ్చినప్పుడు తిన్నాను, మళ్ళీ ఇప్పుడే. రుచిగా ఉండకూడదని ఎంత కోరుకున్నానో. చేదుగా ఉంటే, వాసన వేస్తే, ఉమ్మేసి పడుకునేదాన్ని. బాగుంది యస్నా. చాలా బాగుంది. నా కొడుకు తినిపించాలనుకున్నది అంత బాగుంది. ఏడుస్తూనే తిన్నాను. గిన్నె ఖాళీ అయిపోయింది. ఇంకొంచెం ఉంటే బాగుండుననిపించింది.

పిల్లని తీసుకుని ఎప్పుడొస్తావు?

నీ అత్త,
ఎదెల్మీరా